అందరికంటే ముందు

ఎన్నిక తేదీ ప్రకటించడం ఇది మూడోసారి. టాల్కట్ పట్టణ క్లార్కు ఓడెట్ మార్కూ టౌన్‌హాలు గుమ్మం పక్కనున్న అద్దాల బోర్డు తెరిచి, పాత నోటీసుకు నాలుగు మూలలా గుచ్చిన పిన్నులు ఒక్కొక్కటే పీకి పెదాల మధ్య పట్టుకుంది. చేతులకు తొడుగులుంటే పిన్నులు అందవు, తీస్తే వేళ్ళు కొయ్యబారుతున్నాయి. మొదటి నోటీసు జనవరి ఇరవై రెండంది. రెండోది పదిహేనంది. చేతిలో ఉన్నది ఎనిమిదంటోంది.

ఆ రాష్ట్రపు చట్టం ఊళ్ళో బడిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. దేశాధ్యక్ష పదవికి పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నిక ఇంకే రాష్ట్రంలో ఏ రోజున పెట్టుకున్నా సరే, దానికి కనీసం వారం ముందు ఇక్కడ జరిగి తీరాలి. ఆ ఏడు ఇతర రాష్ట్రాలకూ ముందుండాలన్న యావ పుట్టింది. దక్షిణాది రాష్ట్రమొకటి తన తేదీని జనవరి చివరికి జరిపింది. దాన్ని చూసి సరస్సుల వైపు రాష్ట్రం ఇంకాస్త ముందుకు జరిగింది. వాళ్ళు జరిగినప్పుడల్లా రాజధానిలో మనవాళ్ళు మరో వారం ముందుకు దూకారు. దూకినప్పుడల్లా ఓడెట్ కొత్త నోటీసు కొట్టించి, తీరిగ్గా పాతది పీకి, కొత్తది గుచ్చింది.

కొత్తది గుచ్చుతూ తేదీ మీదికి చూపు పోనివ్వలేదు.

ఊరి ఎన్నికలు నడిపించే మోడరేటర్ కార్ల్టన్ వీక్స్ దాణా దుకాణం నుంచి నడిచి వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. బూట్ల మంచు మెట్టుకేసి తన్ని దులిపి, నోటీసు చదివి, ఈ లెక్కన వచ్చేసారి క్రిస్మస్ చెట్టు కిందే ఓట్లు వేయించాలన్నాడు. తన హాస్యానికి తనే నవ్వి, సగంలో ఆపేశాడు.

"ఎనిమిదా?" అన్నాడు.

ఓడెట్ ఆఖరి పిన్ను నోట్లోంచి తీసి గుచ్చింది.

"హాలు వాళ్ళకు కావాలి కదా ఆ రోజు. మీకు, అంటే, మీ అందరికీ."

"ఎన్నికకు హాలు ఒక్కటే ఉంది ఊళ్ళో."

"మిల్లు పోయింది. రైలు పోయింది. పెద్ద తరగతుల పిల్లల్ని పక్క ఊరికి పంపుతున్నాం. నాలుగేళ్ళకోసారి దేశం మనవైపు చూస్తుంది, ఈ ఒక్కటే మిగిలింది. అదీ వదులుకుంటే మనకేం ఉంటుంది, ఓడెట్?"

ఆమెను ఎవరూ వదులుకోమనలేదు. ఈ మాటలే ఆమె కూడా పాతికసార్లు, కెమెరాలు పట్టుకొచ్చినవాళ్ళతో సహా, ఎందరితోనో అని ఉంది. బోర్డుకు తాళం వేసి, తాళం పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది.

*

శనివారం నార్మన్ బిలొడో వంటింట్లో ఎనిమిది కుటుంబాలవాళ్ళు కలిశారు. ఊరి కాగితం మిల్లులో గుజ్జు ఉడికించే పెద్ద బాయిలర్ పేలి ఈ జనవరి ఎనిమిదికి ఇరవై ఒక్క ఏళ్ళు. ఏటా ఆ రోజు ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు వీళ్ళంతా టౌన్‌హాల్లో నిలబడి, తమ వాళ్ళ పేర్లు ఒకరి తర్వాత ఒకరు పైకి చదివి, కాఫీ తాగి ఇళ్ళకు పోతారు. హాల్లోనే ఎందుకంటే ఆ రోజు శవాలను తెచ్చి పడుకోబెట్టింది ఆ హాలు నేల మీదే.

నార్మన్ తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. అన్నేళ్ళుగా పేర్ల కాగితం అతని దగ్గరే ఉంటోంది. పోలింగు జరిగే గదిలో ఓటుకు తప్ప ఇంకే పనికీ నలుగురు కూడకూడదని ఓడెట్ చట్టం చదివి వినిపించింది. ముందురోజు పెట్టుకోమని కార్ల్టన్ సలహా ఇచ్చాడని చెప్పింది.

"మనవాళ్ళు ఏడో తారీఖున పోయారా?" అన్నాడు నార్మన్.

స్టవ్ మీద బీన్సు పొంగి మూత కదిలింది. నార్మన్ లేచి మంట తగ్గించి వచ్చాడు.

"ఎవరికంటే ముందుండాలని వీళ్ళ తాపత్రయం? ఆ దక్షిణాదివాళ్ళకు మంచంటే ఏమిటో తెలుసా? వాళ్ళు దూకితే మనం దూకాలా? మనవాళ్ళను తొక్కుకుంటూ దూకాలా?"

కిటికీ దగ్గర వాలుకుర్చీలో ఇమెల్డా రుఎల్ కూర్చుని ఉంది. ఎనభై ఏళ్ళు. పందొమ్మిదేళ్ళ కొడుకు పోయాడు ఆమెకు. చెవులు సరిగా వినబడవు. కూతురు లూసిల్ పక్కన కూర్చుని, పనికొచ్చే మాటలు మాత్రం చెవిలో తిరిగి చెబుతుంటుంది. ఈ మాట కూడా చెప్పింది. ముసలామె తలూపి, అయితే పదీ ఇరవైకి అందరం ఓటుకే పోదాం, అంది. చట్టం ఓటరు పేరు పిలవమంటుంది కదా, పిలుస్తారు కదా అంది.

అందరికీ ఒక్కసారిగా వెలిగింది. ఓటరు బల్ల ముందుకు వచ్చి పేరు చెప్పాలి. జాబితా చూసే మనిషి దాన్ని గది నలుమూలలా వినబడేలా తిరిగి పలకాలి. పలికాకే గీత గీసి బ్యాలెట్ ఇవ్వాలి. ఇంటికొకరు చొప్పున వరసలో నిలబడితే బిలొడో, డ్యూబే, గోతియే, కింబల్, మార్కూ, పెరో, రుఎల్, స్లీపర్, ఎనిమిది ఇంటిపేర్లూ హాల్లో వినబడతాయి. ఎవడూ కాదనలేడు. మార్కూల తరఫున నిలబడడానికి ఓడెట్‌కు కుదరదు, జాబితా బల్ల దగ్గర ఉండేది తనే. మరిది కొడుకు నిలబడతాడు.

"నువ్వే పిలుస్తావు," అన్నాడు నార్మన్, ఆమె భుజం మీద చెయ్యి వేసి. "అంతకంటే ఏం కావాలి?"

నార్మన్ పేర్ల కాగితం బల్ల మీద పరిచి వేలితో లెక్కపెట్టాడు. ఎనిమిది. ఆ పేలుడులో చచ్చిపోయినవాళ్ళు తొమ్మిది మంది. తొమ్మిదోవాడి సంగతి ఆ వంటింట్లో ఎవరూ ఎత్తలేదు, ఇరవై ఒక్క ఏళ్ళుగా ఎవరూ ఎత్తలేదు. ప్రెషర్ వాల్వు దగ్గరి ఆపరేటర్ నిర్లక్ష్యమే కారణమని విచారణ తేల్చింది. ఆ ఆపరేటర్ లైల్ హాడ్లీ.

ఓడెట్ కోటు వేసుకుంటుంటే ఒక చేయి చొక్కా చేతి మడతలో ఇరుక్కుపోయింది. లూసిల్ వచ్చి లాగి సరిచేసింది.

*

సోమవారం పొద్దున కార్ల్టన్, అతని తోడు ఇంకో ఇద్దరు, నేలమాళిగలోంచి ఓటింగ్ గదుల చెక్కలు మోసుకొచ్చారు. అవి ఊరి వడ్రంగి ఎప్పుడో యుద్ధాల కాలంలో చేసినవి. ప్రతి చెక్కకూ వెనక సుద్దతో అంకె ఉంటుంది. ఒకటికి రెండు, రెండుకు మూడు తగిలించి మరలు బిగిస్తే ఆరు గదులు. ముందు గీతల గుడ్డ తెరలు. ఓడెట్ మోకాళ్ళ మీద కూర్చుని తాడు కట్టాల్సిన చోట నేలకు అంటుకునే పట్టీ వేస్తోంది.

నాలుగో గది కింద నేల చెక్క ఒకటి మిగతావాటి కంటే లేతగా ఉంటుంది. ఆ పేలుడు తర్వాత దాన్ని మార్చారు. ఎంత కడిగినా నెత్తురు మరక పోలేదని. ఓడెట్ భర్త ఎమిల్‌ను ఆ చోటే పడుకోబెట్టారు. పక్కన లైల్ హాడ్లీని. ఆ పూట ఇంకా తప్పెవరిదో ఎవరూ తేల్చలేదు కనుక ఇద్దరి మీదా ఒకే కాన్వాసు కప్పారు. ఓడెట్ ఆ కాన్వాసు అంచు ఎత్తి చూసినప్పుడు ముందు కనబడింది లైల్ చెయ్యి. దాన్నే ఎమిల్ చెయ్యి అనుకుని పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుందో ఇప్పటికీ తెలియదు.

"గది ఇంకాస్త ఇటు జరపమంటావా?" అన్నాడు కార్ల్టన్ పైనుంచి.

ఫర్లేదంది. పట్టీ తుంచడానికి పళ్ళతో కొరికింది.

సాయంత్రం నాలుగింటికి ఆఫీసు కిటికీ ముందుకు లైల్ భార్య థెల్మా హాడ్లీ వచ్చింది. పక్క ఊరి వృద్ధాశ్రమంలో పని చేస్తుంది. యూనిఫాం మీద మగవాళ్ళ కోటు, బహుశా లైల్‌ది, తొడుక్కుని ఉంది. అన్నేళ్ళలో ఈ ఇద్దరూ మాట్లాడుకున్నవి కారు రిజిస్ట్రేషన్ మాటలు, కుక్క లైసెన్సు మాటలు. ఇప్పుడూ మర్యాదగానే, ముందుగా ఓటు వేసి పోయే బ్యాలెట్ ఇప్పించమంది.

"రేపు ఊళ్ళో ఉండరా?" అంది ఓడెట్.

"ఉంటాను. పదకొండుకు డ్యూటీ."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

ఊళ్ళో లేనివాళ్ళకో, జబ్బుపడినవాళ్ళకో తప్ప ఆ బ్యాలెట్ ఇవ్వకూడదు. ఫారంలో కారణం గడి ఉంది. ఓడెట్ ఫారాన్ని కిటికీ కిందుగా తోసి, గొంతు తగ్గించి, రేపు ఊరు విడిచి వెళుతున్నానని ఒక్క గీత పెడితే చాలని చెప్పింది. ఎవరూ చూడబోరంది.

థెల్మా ఫారం చదివింది. పెన్ను తీసుకోలేదు.

"ఆ రోజున ఆ హాల్లో అడుగు పెట్టడం ఇష్టంలేక అడిగాను. ఆ కారణానికి గడి లేదు కదా?"

"లేదు."

"అబద్ధం రాయలేను. రేపే వస్తాను."

ఫారాన్ని మడత పడకుండా వెనక్కి తోసింది. ఆమె మెట్లు దిగి కారెక్కి, ఒకటికి నాలుగుసార్లు తాళం తిప్పి, చివరికి కారు కదిలేదాకా ఓడెట్ ఆ ఫారం మీద చెయ్యి తియ్యలేదు.

పేలుడు జరిగిన ఏడు విచారణాధికారి కూడా ఆ హాల్లోనే బల్ల వేసుకుని కూర్చున్నాడు. పేలుడుకు ముందురోజు మీ ఆయన ఇంటి దగ్గర మిల్లు గురించి ఏమైనా అన్నాడా, అని అడిగాడు. ఏమీ అనలేదని ఓడెట్ చెప్పింది. ఆ ముక్క టైపు చేయడానికి గుమస్తాకు ఎంతోసేపు పట్టలేదు.

*

మంగళవారం ఎనిమిదింటికి పోలింగు తెరిచారు. వరసలో మొదటి మనిషి ఫొటో తీయడానికి రాజధాని నుంచి పత్రికవాడొకడు వచ్చాడు. దేశంలో మొట్టమొదటి ఓట్లు మావేనని కార్ల్టన్ వాడికి గర్వంగా చెప్పాడు. వాడు పావుగంటలో పని ముగించుకుని ఇంకో ఊరికి పోయాడు. ఓడెట్ బల్ల మీద జాబితా, ఉక్కు స్కేలు, ఎర్ర పెన్సిలు, రెండు రంగుల బ్యాలెట్ దొంతర్లు. ఓటరు పేరు చెబితే తను తిరిగి పలకాలి, స్కేలు పేరు కింద ఆనించి గీత గియ్యాలి, ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి ఇవ్వాలి. పొద్దుట్నుంచి అలా నూట ఇరవై పేర్లు పలికింది. పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోయింది.

పదీ పదికి నార్మన్ వచ్చాడు. వెనక మిగతావాళ్ళు. అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. ఇమెల్డాను లూసిల్ చెయ్యిపట్టి తెచ్చింది. తాడు వెంబడి వరసలో నిలబడ్డారు. గోడ గడియారం పదీ ఇరవై చూపించేదాకా నార్మన్ తన వెనకున్న ఒకరిద్దరు మామూలు ఓటర్లకు దారి ఇచ్చాడు. తర్వాత ముందుకొచ్చాడు.

"బిలొడో. నార్మన్."

"బిలొడో. నార్మన్," అంది ఓడెట్.

విషయం తెలియనివాళ్ళు కూడా ఆమె గొంతులోని తేడా పట్టుకుని తలలు తిప్పారు. ఓటింగ్ గదుల్లో పెన్సిళ్ళ చప్పుడు ఆగింది. డ్యూబే. గోతియే. కింబల్. కింబల్‌వాళ్ళ అమ్మాయికి తండ్రి ముఖం కూడా గుర్తులేదు, మూడు నెలల బిడ్డ అప్పుడు. పేరు చెబుతూ ఏడ్చింది. మార్కూ అన్నప్పుడు ఓడెట్ స్కేలు జరిగి గీత వంకరపోయింది. పెరో. రుఎల్, ఇమెల్డా తన పేరు తనే గట్టిగా, చెవిటివాళ్ళు చెప్పినట్టు చెప్పింది. స్లీపర్.

ఎనిమిదీ అయిపోయాయి. ఓడెట్ ఊపిరి వదిలి, తల ఎత్తకుండానే, తర్వాత ఎవరని అడిగింది.

"హాడ్లీ," అంది ఎదుటి మనిషి. "థెల్మా."

పదకొండుకు డ్యూటీ కదా, ఇంకెప్పుడొస్తుంది. యూనిఫాం మీద ఆ మగ కోటు. ఆమె వీళ్ళ కోసం రాలేదు, వీళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగలేదు కూడా. తన వంతు ఎప్పుడొచ్చిందో అప్పుడు వచ్చి నిలబడింది.

ఓడెట్ హెచ్ పేజీకి తిప్పింది. స్కేలు ఆనించింది. ఎర్ర పెన్సిలు స్కేలు అంచుమీదే ఆగింది. ఎనిమిది కుటుంబాలవాళ్ళూ ఇంకా గదిలోనే ఉన్నారు, కొందరు తెరల వెనక, కొందరు పెట్టె దగ్గర. పేలుడు తర్వాత ఆ రోజున ఆ గంటకు ఆ ఇంటిపేరు ఆ హాల్లో ఎవరూ అనలేదు.

"పేరు వినబడలేదు, క్లార్కుగారూ," అన్నాడు కార్ల్టన్ పెట్టె దగ్గర్నుంచి. చట్టం ప్రకారం అనాల్సిందే అన్నాడు.

"హాడ్లీ," అంది ఓడెట్.

గట్టిగానే అంది. అన్నాక ఆగింది. రెండో సగం అనకుండా ఆగిపోయింది, కావాలని కాదు. ఇంటిపేరొక్కటే గదిలో నిలబడింది. ఎక్కడో తెర కర్ర కిర్రుమంది. నార్మన్ పెట్టె దగ్గర బ్యాలెట్ సగం లోపలికి దూర్చి, అలాగే ఉండిపోయాడు.

"థెల్మా," అంది చివరికి.

గీత గీసి, ఏ పార్టీదని అడిగింది. థెల్మా చెప్పింది. బ్యాలెట్ అందుకునేటప్పుడు ఇద్దరి చేతులూ కాగితానికి చెరో వైపున కాస్సేపు ఉన్నాయి. ఆమె నాలుగో గదిలోకి వెళ్ళి తెర వేసుకుంది. నార్మన్ టోపీ పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచాడు.

*

ఐదింటికి కార్ల్టన్ బల్ల దగ్గర కూర్చుని, ఓడెట్‌ను పావుగంట గాలి పీల్చుకు రమ్మన్నాడు. బయట చీకటి పడింది. వెనక మెట్ల మీద, ఉప్పు చల్లిన చోట, థెల్మా నిలబడి ఉంది. డ్యూటీ మధ్యలో అనుమతి తీసుకుని వచ్చిందట, పొద్దున ఆ పేరు దగ్గర ఎందుకు ఆగావని అడగడానికి. గేటు దగ్గర ఏదో అభ్యర్థి తరఫున అట్టలు పట్టుకున్న కాలేజీ పిల్లలు చలికి గంతులు వేస్తున్నారు.

ఓడెట్‌కు తడుముకోవడానికి వ్యవధి లేకపోయింది. ఉన్నపళాన చెప్పేసింది. పేలుడుకు ముందురోజు సాయంత్రం ఎమిల్ భోజనం చేస్తూ అన్న మాట. వాల్వు గేజీ బిగుసుకుపోయిందని లైల్ గొడవ చేస్తున్నాడని, ఆపేద్దామంటున్నాడని, వారాంతం దాకా నడపమని ఫోర్‌మన్‌గా తనే ఆర్డర్ వేశానని. విచారణలో ఆ మాట దాచానని కూడా చెప్పింది.

థెల్మా వింది. ముఖంలో ఏ మార్పూ రాలేదు.

"లైల్ కూడా ఆ రాత్రే చెప్పాడు నాకు," అంది. "నడపమన్నది ఎమిలేనని. నువ్వు విచారణలో ఏమంటావోనని వెనక వరసలో కూర్చున్నాను."

"తెలిసి కూడా నువ్వెందుకు అనలేదు?"

"అన్నాను. ముగ్గురితో అన్నాను. తప్పు చేసినవాడి పెళ్ళాం ఇంకేమంటుందన్నారు." కోటు జేబులోంచి చేతులు తీసి ఒకదానితో ఒకటి రుద్దుకుంది. "నాకు చెప్పి ఏం లాభం, ఓడెట్? నాకు తెలిసిందే కదా. లోపలున్నవాళ్ళకు తెలియదు."

అంతే అంది. తిట్టలేదు, ఏడవలేదు. మళ్ళీ కారు తాళం నాలుగుసార్లు తిప్పి వెళ్ళిపోయింది. పావుగంట అయిపోయినట్టు ఓడెట్‌కు లోపలికి వెళ్ళాకగానీ తెలియలేదు.

*

ఏడింటికి తలుపులు మూశారు. టాల్కట్‌లో ఓట్లు చేత్తోనే లెక్కపెడతారు. పెట్టె బల్ల మీద బోర్లించి, రంగుల వారీ వేరు చేసి, పాతికేసి కట్టలు కట్టి, ఒకరు చదివితే ఇద్దరు గీతలు గీస్తారు. ఊరివాళ్ళు తాడుకు ఇవతల కుర్చీలు వేసుకుని చూస్తారు. అది వాళ్ళ హక్కు, వాళ్ళ సరదా కూడా. ఎనిమిది కుటుంబాలవాళ్ళు చాలామంది మళ్ళీ వచ్చారు. నార్మన్ కూడా వచ్చాడు, వెనక కూర్చున్నాడు. పొద్దుటి సంగతి మీద మాట్లాడుకున్నట్టే ఉంది, ఓడెట్ దగ్గరికి ఎవరూ రాలేదు.

ఎనిమిదిన్నరకు లెక్క తేలింది. రెండు పార్టీలకూ కలిపి మూడువందల పన్నెండు ఓట్లు. కార్ల్టన్ కళ్ళజోడు సరిచేసుకుని అభ్యర్థుల పేర్లూ అంకెలూ చదివాడు. జనం కోట్లు అందుకుంటున్నారు. అప్పుడు ఓడెట్ కార్ల్టన్‌ను అడిగింది, ఎన్నిక పని అయిపోయింది కదా, ఇక ఈ గదిలో ఎవరైనా ఏమైనా మాట్లాడొచ్చు కదా అని. మాట్లాడొచ్చన్నాడతను, అర్థంకాక.

బల్ల వెనకే నిలబడి చెప్పింది. కూర్చుంటే చెప్పలేననిపించింది. మెట్ల మీద థెల్మాకు చెప్పినదే, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా. గేజీ సంగతి, లైల్ ఆపేద్దామన్న సంగతి, ఎమిల్ నడపమన్న సంగతి. తను విచారణలో ఏమీ తెలియదన్న సంగతి. లైల్ తప్పు లేదు, అంది. ఆయన పేరు కాగితంలో ఉండాలి, అంది.

తలుపు దగ్గరివాళ్ళు ఆగిపోయారు. నార్మన్ మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి నేల చూస్తున్నాడు.

"ఏమంటోంది?" అంది ఇమెల్డా.

లూసిల్ కదల్లేదు.

"ఏమంటోందే? చెప్పవేం?"

లూసిల్ తల్లి చెవి దగ్గరికి వంగింది. ఆ చెవికి వినబడాలంటే గదంతా వినబడాల్సిందే. కాబట్టి ఆ మాటలన్నీ రెండోసారి, వేరే నోటితో, మొదటినుంచీ చివరిదాకా గదిలో నడిచాయి. "ముందురోజు సాయంత్రం ఎమిల్ చెప్పాడంట." "లైల్ ఆపేద్దామన్నాడంట." "ఈవిడకు తెలుసంట." ఇంకొకరి నోట వింటుంటే ఓడెట్‌కు తన మాటలు తనవి కానట్టు, ఇదివరకెప్పుడూ విననట్టు ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆమె దాన్ని ఒకే రూపంలో మోసింది: పేలుడు జరిగిపోయాక తను చెప్పిన అబద్ధంగా. ఈ రోజు దాన్ని దించేశాననుకుంది.

ఇమెల్డా అంతా వింది. నాలుక పెదాల మీద ఆడించుకుంది.

"ముందురోజు సాయంత్రం తెలుసా నీకు?" అంది ఓడెట్‌ను చూస్తూ.

"తెలుసు."

"గేజీ చెడిపోయిందని."

"తెలుసు."

"మావాడు ఆ రాత్రి ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున ఆరింటికి గానీ వెళ్ళలేదు. గుడ్లు వేసి పెట్టాను వాడికి." కోపం లేదు ముసలామె గొంతులో. లెక్క సరిచూసుకునేవాళ్ళ గొంతులా ఉంది. "ఒక్క ఫోన్ చేసి ఉండొచ్చు కదమ్మా. వెళ్ళనిచ్చేదాన్ని కాదు."

ఓడెట్ బల్ల అంచు పట్టుకుంది. ఈ మాట ఆమెకు ఎన్నడూ తట్టలేదు. నిజంగానే తట్టలేదు. ఆ సాయంత్రం ఎమిల్ అన్న మాటకు ఆమె ఏమందో ఇప్పుడు జ్ఞాపకం వచ్చింది. లైల్‌కు ప్రతిదానికీ భయమే, అంది. అని, ఇంకాస్త సూప్ వడ్డించింది. నవ్వుకున్నారు కూడా ఇద్దరూ.

ఇమెల్డా కుర్చీ వెనక్కి జరిపింది. లూసిల్ భుజం పట్టుకుని లేచింది. ఒక్కొక్కరే బయటికి నడిచారు. కింబల్‌వాళ్ళ అమ్మాయి ఓడెట్ ముందునుంచే వెళ్ళింది, ముఖం తిప్పుకోలేదు, ఆగలేదు. ఆఖరుగా నార్మన్ లేచాడు. జేబులోంచి పేర్ల కాగితం తీశాడు, ఏం చెయ్యాలో తెలియనట్టు చూశాడు, మళ్ళీ మడిచి జేబులోనే పెట్టుకున్నాడు. వెళుతూ వెళుతూ తన కుర్చీ ఒక్కటి మడిచి గోడకు ఆనించాడు.

ఆఫీసు గదిలో ఫోన్ మోగుతోంది. చాలాసేపట్నుంచి మోగుతున్నట్టుంది. కార్ల్టన్ అటు చూసి, ఓడెట్‌ను చూసి, తను తీయనా అన్నాడు. క్లార్కు చెప్పాల్సిన అంకెలవి. తనే వెళ్ళింది.

అవతల రాజధానిలో ఎవరో ఆడమనిషి. చుట్టూ గందరగోళం, టెలివిజన్ అరుపులు, చప్పట్లు. ఏ ఊరని అడిగింది. టాల్కట్ అని చెప్పింది ఓడెట్.

"ఇప్పటిదాకా ఏం చేస్తున్నారండీ?" అంది ఆ గొంతు అలసటగా. "దేశం మొత్తం ఎదురుచూస్తోంది. అందరూ ఎప్పుడో చెప్పేశారు. మిగిలింది మీరొక్కరే."

ఓడెట్ కాగితం దీపం కిందికి జరుపుకుని, మొదటి పేరు చదివింది.